ఒక్క బొమ్మలో కనబడని ఇద్దరు

మా అత్త పోయి పన్నెండు రోజులైంది. ఆ పొద్దున నేను వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి నులక మంచం మీద కళ్ళు తెరుచుకునే ఉంది, ఊపిరి లేదు. మా ఆయన గడప అవతల నిలబడి "అమ్మ పోయింది" అన్నాడు. కట్టంగూరుకు దగ్గర్లోనే ఉన్న మా చిన్న ఊళ్ళో ఆ మాట పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. వచ్చినవాళ్ళంతా చావింట్లో అనవలసిన మంచి మాట కోసం కాసేపు తడుముకున్నారు. చివరికి ఒకామె, "గొర్రె మొకం జూస్తే రోగమేందో చెప్తుండె" అంది. అది నిజమే. మనిషి ముఖం చూసినా చెప్పేది, నలుగురిలోనూ చెప్పేది.

ఆమె నన్ను ఏడిపించినట్టు ఇంకెవరూ ఏడిపించలేదు. ఆ సంగతి దాచిపెట్టి నాలుగు పొగడ్తలు రాస్తే ఆమే లేచి వచ్చి నా చెవి మెలిపెడుతుంది. కానీ ఆమె దగ్గర నేను ఒక చదువు నేర్చుకున్నాను. ఎక్కడో మొదలై, మనం వచ్చేసరికి సగం నడిచిపోయిన కథలోకి కొత్తమనిషి ఎట్లా అడుగు పెట్టాలన్నది ఆ చదువు. నేను నల్లగొండలో ఎనిమిదో తరగతి దాకా చదువుకుని వచ్చిన కోడలిని. ఆమెకు అక్షరం ముక్క రాదు.

సాగర్ ఆనకట్టకు సిమెంటు మోసే లారీ మీద ఆమె తమ్ముడు క్లీనరు. సికింద్రాబాదులో పాత కాగితాల దుకాణం నుంచి ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెచ్చి అక్కకు ఇచ్చేవాడు. అక్కడి బంగళాల పిల్లలు చదివి పారేసినవి. అన్నిటిలోనూ నెలనెలా సాగే కథ ఒకటే. గడియారాలు బాగుచేసుకుని బతికే గూని మనిషి ఒకడు. ముఖానికి ముసుగు, ఒంటికి ఆకుపచ్చ అంగీ తొడుక్కుని మేడల మీద నుంచి దూకుతూ, భుజం అడ్డం పెట్టి రైలును ఆపే బలవంతుడు ఒకడు. కొన్ని పుస్తకాలకు అట్ట ఉండదు, కొన్నిటికి చివరి కాగితాలు ఉండవు. ముందు రావలసింది రెండేళ్ళ తరవాత వచ్చేది, వెనక రావలసింది ముందే వచ్చి కూర్చునేది.

పెళ్ళయిన నెలలోపే, మధ్యాహ్నం గొర్రెల మంద మేతకు పోయాక, ఆమె రేకు పెట్టె తెరిచి ఆ పుస్తకాలు నా ముందు పరిచింది.

"బడికి వోయినవంట గద. కూసో, సూడు."

"మొదటిది ఏది అత్తమ్మా?"

"మొదటిది నీకెందుకే? నువ్వొచ్చిన కాడ్నే నీకు మొదలు. ముందుగాల మొకాలు గుర్తువట్టు. ఎవని మీద ఎవనికి కోపమున్నదో సూడు. మిగిలింది అదే తెలుస్తది."

ఇప్పటికీ నేను కొత్త కథ ఏది తెరిచినా, కొత్త ఇంట్లో ఎక్కడ కాలు పెట్టినా ముందు చేసేది అదే. చాలాసార్లు మిగిలింది దానంతటదే తెలిసింది కూడా.

ఆమె కట్టిన కథ ఇది. ఆ గూని మనిషీ ఆ బలవంతుడూ అన్నదమ్ములు. గూనివాడు పెద్దోడు, ఆకుపచ్చ అంగీవాడు చిన్నోడు. పెట్టెనిండా పుస్తకాలున్నా ఇద్దరూ కలిసి ఒక్క బొమ్మలో కనబడరు. ఒకడు తలుపులోంచి బయటికి పోయాకే ఇంకొకడు కిటికీలోంచి వస్తాడు. ఎందుకంటే పంపకాల దగ్గర చెడింది, మాటల్లేవు. బలమంతా తమ్ముడి వాటాకు పోయింది, అన్నకు గూని మిగిలింది. అయినా అన్న దుకాణం మీద దొంగలు పడితే తమ్ముడే వచ్చి కాపాడతాడు, ముఖం మాత్రం చూపించడు. "మొకం సూపెడితె మాట్లాడాల్సొస్తదని ముసుగేస్కుండు" అనేది మా అత్త.

పుస్తకాలను వరస పెట్టే పని కూడా ఆమెదే. బలవంతుడి ముఖాన, గదమ మీద ఒక గాటు ఉండేది, కొన్ని పుస్తకాల్లో ఉండేది కాదు. గాటు లేనివి ముందువి, ఉన్నవి వెనకవి. ఒక రోజు పెట్టె తుడుస్తూ నేను ఆ వరస చెదరగొడితే సాయంత్రం దాకా నన్ను అరుగు మీద కూర్చోబెట్టి గాట్లు వెతికించింది. ఆఖరు కాగితం చిరిగిపోయిన పుస్తకం పట్టుకుని నేను దిగులుపడితే కసిరింది. "దానికి రంది ఎందుకే? బతికుంటె ముందొచ్చే బుక్కుల కనవడ్తడు. సస్తే కనవడడు."

కథ అతకని చోట ఆమె దగ్గర ఒకటే మందు. ఒక పుస్తకంలో చిన్నోడు మేడ మీద నుంచి పడి చచ్చిపోతాడు, పెట్టెలో పెట్టి పూడ్చేస్తారు కూడా. తరవాతి దాంట్లో నిక్షేపంలా తిరుగుతుంటాడు. ఇదేమిటని అడిగితే, "నడుమ పుస్తకం మనకు రాలే" అనేది. ఒకదాంట్లో వాడి ముఖం బొద్దుగా, ఇంకోదాంట్లో కోలగా ఉండేది. బొమ్మ గీసినవాడు మారి ఉంటాడని నేనన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "అన్న మీద బెంగతోని సిక్కిండు" అంది. ఆ నడుమ పుస్తకం మాట మా ఇంట్లో ఊతపదమైపోయింది. ఎప్పుడూ మూతి ముడుచుకునే పక్కింటామె ఒకరోజు నవ్వుతూ పలకరిస్తే, మా అత్త ఆమె వెళ్ళేదాకా ఆగి, "నడుమ పుస్తకం రాలే" అంది.

చదువు చెప్పే తీరు మాత్రం కసాయితనం. జొన్న గటక గిన్నె నా ముందు పెట్టి, "పెద్దోని దుకాణం కాలినప్పుడు చిన్నోడు ఎడమ దిక్కున్నడా, కుడి దిక్కున్నడా?" అని అడిగేది. తప్పు చెబితే గిన్నె తీసేసేది. చాలా మధ్యాహ్నాలు నేను ఆకలితో ఆ బొమ్మల మూలమూలలూ వెతికాను. ఒకసారి జ్వరం వచ్చి వారం రోజులు లేవలేదు. అప్పుడు మటుకు ఆమే నా పక్కన కూర్చుని, పుస్తకం నా ముఖం ముందు పట్టుకుని, కాగితాలు తిప్పుతూ కథంతా చెప్పింది. చేయి నొప్పి పుడితే చేయి మార్చుకుంది తప్ప పుస్తకం దించలేదు. నేను లేచి తిరిగిన రోజు మళ్ళీ గిన్నె తీసేసింది.

ఆమె ఆ బొమ్మలను ఎందుకంత పట్టుగా చూసేదో చెప్పాలి. ఆమెకూ ఇద్దరు కొడుకులు. మా బావ పెద్దవాడు, మా ఆయన చిన్నవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మంద పంచారు. పంచింది అత్తే. ఈనబోయే సూడి గొర్రెలను చిన్నకొడుకు వైపు తోలింది, పళ్ళూడిన వాటిని పెద్దకొడుకు వైపు తోలింది. గొర్రెను ఎరిగినవాడికి అది చూడగానే తెలుస్తుంది. మా బావ కులపెద్దల ముందు ఒక్క మాటే అన్నాడట. "ఇగ వాడు నిలవడ్డ జాగల నేను నిలవడ." తన వాటా తోలుకుని అచ్చంపేట దిక్కు, నల్లమల అంచుకు పోయాడు. ఏళ్ళ తరబడి మళ్ళీ రాలేదు.

ఈ సంగతి మా ఆయన ఒకసారి నోరు జారితే నాకు తెలిసింది. ఊరికి మాత్రం అత్త వేరే చెప్పుకుంది. కొత్త కోడలు కాలు పెట్టింది, మంద చీలింది అని. బావి దగ్గర, పెళ్ళిళ్ళలో, ఎవరింట్లో గొర్రె చచ్చినా ఆ మాట వినబడేది. ఏడేళ్ళు మోశాను.

కాపురానికి వచ్చిన రెండో ఏడాదిలోనే మాటల బుడగల్లోని ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. వాళ్ళు ఇద్దరు కాదు, ఒక్కడే. గూని ఉత్త నటన. ఆ గడియారాలవాడే దుకాణం వెనక్కి పోయి, నిటారుగా నిలబడి, ముసుగు వేసుకుంటాడు. తెలిసినప్పుడు ముందు నవ్వొచ్చింది, తరవాత భయమేసింది. ఆమె ప్రతి కొత్త పుస్తకాన్నీ గబగబా చివరిదాకా తిరగేసేది, ఇద్దరూ ఎక్కడైనా ఒక్కచోట నిలబడ్డారేమోనని. లేకపోతే "ముందు బుక్కుల కలుస్తరు" అని పెట్టెలో పెట్టేది. అక్కడ కలిస్తే ఇక్కడా కలుస్తారని ఆమె లోపల అనుకుంటోందని నాకు తెలుసు. అందుకని నోరు మూసుకున్నాను. అయిదేళ్ళు మూసుకున్నాను.

నోరు తెరిచిన రోజు మా బాపు నన్ను చూడడానికి వచ్చాడు. నల్లగొండ బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాళ్ళకు నీళ్ళిచ్చి, లోపల విస్తరి వేసి పిలిచాను. ఆయన కూర్చోబోతుంటే అత్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ బిడ్డ కాలువెట్టింది, నా పెద్దకొడుకు అడివిపాలైండు. గీ ఇంట్ల నీకు ముద్ద ఎట్ల దిగుతదయ్యా?"

మా బాపు కండువా దులిపి భుజాన వేసుకుని, "పోయొస్త బిడ్డా" అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. విస్తరి తీసి గొర్రెకు వేశాను.

ఆ మధ్యాహ్నమే, ఏమీ జరగనట్టు, ఆమె పెట్టె తెరిచింది. తమ్ముడు ముందురోజు ఇచ్చిపోయిన కొత్త పుస్తకం ఉంది. "జర ఇటు రాయే" అని పిలిచింది. బొమ్మలో గూనివాడు చొక్కా గుండీలు విప్పుతున్నాడు, లోపల ఆకుపచ్చ అంగీ కనబడుతోంది.

"సూసినవా పిల్లా. తమ్ముని అంగి లోపట తొడుక్కున్నడు. ఎవ్వలకు కనవడకుంట తొడుక్కున్నడు. మనసుల ఉన్నది వానికి. ఇగ ముందు బుక్కుల కలుస్తరు."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడేళ్ళలో ఆమె కంట నీళ్ళు చూడడం నాకు అదే మొదలు.

"వాళ్ళు ఇద్దరు కాదు అత్తమ్మా," అన్నాను. "ఒక్కడే. గూనోడే ముసుగేస్కుంటడు. అన్న లేడు, తమ్ముడు లేడు. కలిసేది లేదు."

నెమ్మదిగానే అన్నాను. అరిచి ఉంటే బాగుండేది, కోపంలో అన్నానని అయినా అనుకునేది.

"గట్లని ఇంగ్లీషుల రాసున్నదా?"

"ఉన్నది."

"యాడున్నది? ఏలు వెట్టి సూపెట్టు."

వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ అక్షరాల మీద తన వేలు ఆనించి చాలాసేపు చూసింది. తరవాత పుస్తకాలన్నీ సర్ది మూత వేసి, "గటక తిను పో" అంది. ప్రశ్న అడగకుండా నాకు తిండి పెట్టింది ఆ రోజే. ఆ పెట్టె మళ్ళీ తెరవలేదు. తమ్ముడు ఆ తరవాత తెచ్చినవాటిని పొయ్యి రాజేయడానికి వాడుకోమంది.

రెండు రోజులు నాకు సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ తరవాత సిగ్గేసింది. పంపకంలో చేసిన తప్పు ఆమెకు తెలుసు. నలుగురిలో ఒప్పుకుని దిద్దుకునే ధైర్యం లేదు, అందుకని ఆ బొమ్మల్లో ఎవరో దిద్దుతారని చూస్తూ కూర్చుంది. చదువుకున్నదాన్ని గనక నేను అందులోనూ తప్పు పట్టాను.

ఈ వానాకాలం ఆమె మంచాన పడింది. నల్లగొండ దవాఖానలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను మా ఆయనకు చెప్పకుండా మా బావకు కార్డు రాశాను, అచ్చంపేటలో ఆయనకు తెలిసిన గొంగళ్ళ దుకాణం పేరిట. వారానికి వచ్చాడు. తల నెరిసిపోయింది. మా ఆయన తల్లి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. గడప అవతల అన్నను చూడగానే లేచి, వెనక తలుపులోంచి దొడ్లోకి వెళ్ళిపోయాడు. అతను పోయేదాకా బయటే ఆగి, అప్పుడు బావ లోపలికి అడుగు పెట్టాడు.

అత్త పడుకునే అంతా చూసింది. నా వైపు తిరిగి నవ్వింది.

"సూసినవా పిల్లా. ఒకడు పోతెనే ఒకడొస్తడు. ఇద్దరు గాదు, ఒక్కడే. నువ్వు సదివింది నిజమే."

బావ మంచం మీదికి వంగి, "అమ్మా, నేను పెద్దోణ్ణి" అన్నాడు.

"నాకొక్కడే కొడుకు," అంది ఆమె. "గిప్పుడే బయటికి వోయిండు."

బావ మంచం కోడు మీద నుంచి చేయి తీసేశాడు. నేనిచ్చిన నీళ్ళు సగం తాగి, చెంబు గడప దగ్గర పెట్టి పోయాడు. ముసలామెకు మతి తప్పిందని ఊరివాళ్ళు సర్దిచెప్పుకున్నారు. ఆమెకు మతి తప్పలేదు. నేను ఆ రోజు చెప్పిన మాటనే నా ముందు వాడింది. ఆ తరవాత పది రోజులు బతికి ఉంది గానీ ఎవరినీ అడగలేదు, ఎవరినీ కలవరించలేదు.

మట్టి చేసే వేళకు బావ అందలేదు. నిన్న, పదకొండో రోజున వచ్చాడు. తంతు ముగిసి, చుట్టాలు తిని వెళ్ళి, మా ఆయన మందను మళ్ళించుకు రావడానికి పోయాక వచ్చాడు. ఎక్కడో ఆగి చూసుకుని వచ్చినట్టున్నాడు. నేను అత్త సామాను అరుగు మీద ఎండకు పెట్టాను, రేకు పెట్టె మూత తీసి ఉంది. ఆయన దాని పక్కన కూర్చుని ఒక పుస్తకం తీశాడు. ఆయనకూ చదువు రాదు. వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్క కాగితం తిప్పాడు. అది పెట్టేసి రెండోది తీశాడు, తరవాత మూడోది.

"గీళ్ళిద్దరు అన్నదమ్ములు గదమ్మా?" అన్నాడు.

నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఆయనకు ఆ కథ ఎవరూ చెప్పలేదు.

"అవును బావా."

"గీ గూనోడు పెద్దోడు."

"అవును."

"యాడన్న కలిసిండ్రా?"

"ఇంక కలవలే బావా," అన్నాను. ఆమెకు ఆ రోజు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఆయన ఇంకో పుస్తకం తీశాడు. అప్పుడే వీధిలోకి మంద వచ్చింది. గొర్రెలు అరుగును రాసుకుంటూ పోతుంటే కాళ్ళు పైకి తీసుకుని కూర్చున్నాడు. మంద వెనక మా ఆయన వచ్చాడు, అరుగు మీద మనిషిని చూసి పక్క సందులోకి మళ్ళాడు. గొర్రెలన్నీ దొడ్లోకి పోయేదాకా బావ తల ఎత్తలేదు. తరవాత కాళ్ళు కిందికి దించుకుని, వేలు తడి చేసుకుని, ఇంకో కాగితం తిప్పాడు.