చెవి ఉన్న చోట మైకు

మొన్న ఆదివారం చర్చిలో పిల్లలు డ్రమ్ములకు మైకులు బిగిస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఒక్కో డ్రమ్ముకు ఒక్కో మైకు. వాయించే అబ్బాయి ఆ వైర్ల మధ్య సాలెగూట్లో ఈగలా ఉన్నాడు. నవ్వొచ్చింది. అంతలోనే మా అన్న గుర్తొచ్చాడు.

తొంభైల్లో అన్నా నేనూ తార్నాకలో ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను క్యాంపస్‌లో ఎమ్మే చదువుతున్నాను. అన్నకు పగలంతా స్పేర్ పార్టుల దుకాణంలో పని, ఆదివారం చర్చిలో డ్రమ్ములు. అన్నం వడ్డించేదాకా కంచం మీద దరువేస్తూనే ఉండేవాడు, రోజూ తిట్టేదాన్ని. పట్నంలో నాకు నా అన్నవాళ్లు అన్న ఒక్కడే. మద్రాసు ఆర్కెస్ట్రా వాళ్లు అతని వాయింపు క్యాసెట్టు పంపమన్నారు. వాళ్లకు నచ్చితే వెళ్లిపోతాడు, నేను ఒంటరినవుతాను. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

సెలవుల్లో క్యాంపస్‌లో ఖాళీ హాలు దొరికితే చర్చి డ్రమ్ములూ టేప్ రికార్డరూ ఆటోలో తెచ్చుకున్నాం. మైకు మాత్రం ఒక్కటే, అదీ ప్రసంగాలది. పెద్ద డ్రమ్ము ముందు పెడితే పక్కింట్లో పిండి దంచుతున్నట్టు వచ్చింది. మోత తగ్గాలని అమ్మ ఇచ్చిన బొంతను అందులో కుక్కాం. మైకు పైకెత్తితే డ్రమ్ముల మీది ఇత్తడి పళ్లేల గలగల తప్ప ఇంకేమీ లేదు. చప్పుడని ఫ్యాను ఆపేశాం, చెమటలు కారిపోతున్నాయి. చివరికి అన్న విసిగిపోయాడు.

"మైకు ఇడిసిపెట్టు. నేను కొడుతుంట, నువ్వు ఒక చెవి మూసుకొని, నువ్వే మైకు అనుకొని తిరుగు. ఏడ మంచిగ ఇనబడితే గాడ ఆగు."

తిరిగాను. దగ్గరికెళితే ఒక్క డ్రమ్మే మీద పడుతోంది, దూరమైతే గోడలే మోగుతున్నాయి. అన్న కుడి భుజానికి కొంచెం వెనక మాత్రం అన్నీ కలిసి అచ్చం అన్నలా వినిపించాయి. ఒక్క అడుగు పక్కన ఆగితే క్యాసెట్టు చెడి అన్న నాతోనే ఉండిపోతాడేమో అనిపించింది. కాళ్లు కదల్లేదు.

"గీడనే అన్నా," అన్నాను.

"ఏందే, గొంతు గట్లయింది?"

"దుమ్ము."

నా చెవి ఎత్తుకు మైకును బూజుకర్రకు కట్టాడు.

క్యాసెట్టు వాళ్లకు నచ్చింది. అన్నను రైలెక్కించి వచ్చి, అలవాటుగా ఇద్దరికీ వండాను. కంచం ముందు పెట్టుకుని, దాని అంచు మీద నేనే దరువేశాను. ఇప్పుడు అన్న అక్కడివాడైపోయాడు, క్రిస్మస్‌కు ఫోన్ చేస్తాడు.

మొన్న పాట మొదలయ్యాక లేచి వెళ్లి, ఆ అబ్బాయి కుడి భుజం వెనక కాసేపు నిలబడ్డాను. మనిషి ఎంత దూరంలో ఉంటే బాగా వినిపిస్తాడో ఆ వయసులో నాకు తెలిసింది. కాలం మాత్రం అన్నను ఏనాడూ ఆ దూరంలో ఉంచలేదు.