రిలేలో కప్ప

కరోనా సద్దుమణిగిన ఏడాది, వానాకాలం మొదట్లో, మణుగూరులోని మా గ్యారేజీ నన్ను పది రోజుల డ్యూటీ మీద ఒక అడవి ఊరికి పంపింది. అక్కడి ట్రాక్టర్లకు లైట్లు, రోగులను భద్రాచలం దవాఖానాకు చేర్చే జీపుకు జంట హారన్లు బిగించాలి. నా హోదా హెడ్ ఎలక్ట్రీషియన్. చదువు ఏడో తరగతి, అదీ సగమే. మిగతా సగం షాకులు నేర్పాయి.

మలుపుల్లో బొగ్గు టిప్పర్లు ఎదురొస్తాయి గనుక పెద్ద హారన్లే కావాలి. అవి లాగే కరెంటును స్టీరింగు మీది బటన్ తట్టుకోలేదు. అందుకని మధ్యలో రిలే అనే చిన్న స్విచ్చు డబ్బా పెట్టాను. బటన్ మాట చెబుతుంది, బరువు రిలే మోస్తుంది. ఆఫీసుల్లో అధికారికీ గుమాస్తాకీ మధ్య ఉన్న ఏర్పాటే.

జీపు డ్రైవర్ ఎర్రయ్య బటన్ నొక్కి చూసి, "లోపల టక్కుమంటుంది, ఏంది మేస్త్రీ?" అన్నాడు.

"కప్ప ఉన్నది. నువ్వు నొక్కినప్పుడల్లా గంతేస్తది," అని బానెట్ మూశాను.

పదో రోజు అదే జీపులో తిరుగు ప్రయాణం. వెనక సీట్లో నొప్పులు పడుతున్న ఆ ఊరి కోడలు, పక్కన ఆమె అత్త. మూడో మలుపులో మోగిన హారన్ ఇక ఆగలేదు. స్టీరింగు కింద పొగ లేచింది, ఇంజన్ ఆగింది.

దిగి బ్యాటరీ తీగ పీకేశాను. రిలే ఉండాల్సిన చోట సంతలో కొన్న వైరు ముక్క ఉంది. పైన ప్లాస్టిక్ లావు, లోపల రాగి నాలుగు పోగులు. పోయిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. కాలాల్సిన ఫ్యూజు కాలక వైరు కాలింది, దాని వేడికి పక్కనున్న ఇంజన్ వైరూ కరిగింది.

"రిలే ఏదిరా?"

"నువ్వే గద మేస్త్రీ, కప్ప అన్నవ్! ఉత్తగ టక్కుటక్కుమంటుందని తీసేసిన."

వెనక నుంచి అత్త తల బయటపెట్టింది. "కప్పో బల్లో, జల్దీ పెట్టు బిడ్డా. కడుపులోడు ఆగేటట్టు లేడు."

సంచిలో మంచి రిలే, అసలు ఫ్యూజు, సరైన మందం రాగి తీగ ఉన్నాయి. అతుక్కుపోయిన బటన్ రేకులను గీకి విడదీశాను, కరిగిన వైర్లు మార్చాను. ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపు నేను ఒక్క జోకూ వేయలేదంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

కాన్పు దవాఖానాలోనే అయింది. "కప్ప బండిల వచ్చినం," అని అత్త నర్సుకు చెబుతుంటే విన్నాను.

రిపోర్టులో ఎర్రయ్య తప్పు అని రాయలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రిలే ఏం చేస్తుందో డ్రైవర్ నోటనే చెప్పించుకుని బానెట్ మూసేవాణ్ణి. జోకు మూశాకే.