మంచు పట్టిన గోగు కట్ట

ఈ ఉదయం వర్క్‌షాపు తలుపు తీయగానే తడి గోగునార వాసన గుప్పున కొట్టింది. మీటరు పరీక్షకని నిన్న తెప్పించిన కట్టలు బల్ల కింద ఉన్నాయి. అందరూ ముక్కు మూసుకునే వాసన అది. నాకు మాత్రం రూతమ్మ గారు గుర్తొచ్చి ప్రాణం లేచివస్తుంది.

ఆవిడ పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక, విజయనగరంలో తన ఇంటి ముందు గదిలో మీటర్లు బాగుచేసేవారు. చర్చిలో మైకు మొరాయిస్తే ప్రార్థన మధ్యలోనైనా లేచి వెళ్ళేది ఆవిడే. డిప్లొమా చేతపట్టుకుని పనికి చేరిన నన్ను మొదటిరోజే, ప్లగ్గు పీకేసిన పాత రేడియో ముందు కూర్చోబెట్టారు. "ఆపేసి ఉంది కదండీ, ఇందులో కొలవడానికి ఏముంటుంది?" అన్నాను. "ఆపేసినప్పుడు ఏటి సేస్తందో తెలీకపోతే, నడిసినప్పుడు ఏటి సేస్తందో నీకేటి తెలస్తాది?" అన్నారు. పెద్దావిడ చాదస్తం అనుకున్నాను. నా పొగరు అలాంటిది.

రెండేళ్ళకు, గోగునారలో తేమ చూపించే మీటరు తయారుచేసే పని నాకే అప్పగించారు. నెల్లిమర్ల వైపు ఒక ఊరి రైతులు అడిగారు. వ్యాపారి కట్టను పైపైన తడిమి "తడి నార" అని ధర తగ్గించేస్తే, కాదని చూపించే దారి వాళ్ళకు లేదు. అందుకే నా మీటరుకు రెండు సూదులు, ఒకటి కట్ట పైన, ఒకటి లోపల. ఒక్కో సూదికి ఒక్కో ఆప్‌ఆంప్, అంటే సూది పంపే సంకేతాన్ని పెంచే చిప్పు. రెండింటి అవుట్‌పుట్లనూ చెరో రెసిస్టర్‌తో ఒకే తీగకు కలిపి, ఒకటి పనిచేస్తుంటే రెండోదాన్ని షట్‌డౌన్‌లో, అంటే నిద్రలో, పెట్టాను. బ్యాటరీ ఆదా అవుతుందని నా తెలివికి నేనే మురిసిపోయాను. గది కంపు కొట్టకూడదని బాగా ఎండిన కట్టలతోనే పరీక్షించాను. అంకె ఒక్కసారీ తప్పలేదు.

రైతులకు చూపించడానికి ఒక్కరోజు ముందు, రూతమ్మ గారు మేడ మీద మంచులో తడిసిన కట్ట తెచ్చి బల్ల మీద పడేశారు. పైన తడి, లోపల పొడి. కానీ లోపలి సూది కూడా తడి అనే చూపించింది. సూది పీకి మళ్ళీ గుచ్చాను, అదే అంకె. రేపూ ఇలాగే చూపిస్తే, వ్యాపారి అబద్ధానికి నా మీటరే సాక్ష్యం చెబుతుంది.

"పై సూది చిప్పు పడుకుని ఉందండి. దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాను.

"పడుకున్నోడు పక్కోడి మీద సెయ్యి ఏసినాడేమో సూసినావేటి?" అంటూ ఆవిడ వోల్టేజి కొలిచే ప్రోబులు నా చేతిలో పెట్టారు.

చూశాను. మెలకువగా ఉన్నంతసేపూ చిప్పు తన రెండు ఇన్‌పుట్లనూ ఒకే వోల్టేజి దగ్గర పట్టి ఉంచుతుంది. షట్‌డౌన్‌లో ఆ పట్టు పోతుంది. నేను వాడిన చిప్పులో ఆ ఇన్‌పుట్ల మధ్య రక్షణ కోసం డయోడ్లున్నాయి, అవి మాత్రం నిద్రపోవు. ఎండిన నార పంపే కొద్ది వోల్టేజికి అవి కదల్లేదు. తడి నార వోల్టేజికి తెరుచుకుని, ఇన్‌పుట్‌ను అవుట్‌పుట్‌తో కలిపే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ గుండా పై సూది సంకేతాన్ని ఉమ్మడి తీగలోకి వదిలేశాయి.

"ఇప్పుడేటి సేస్తావు?"

"పడుకున్నదాని అవుట్‌పుట్‌ను తీగ నుంచే విడదీస్తానండి."

మధ్యాహ్నానికి టూవే స్విచ్ అతికించాను. అంకె సరిపోయింది. రూతమ్మ గారు మూత లోపలివైపు నా చేత నా పేరే రాయించారు.

మర్నాడు ఊళ్ళో ఒక ముసలి రైతు ఏరికోరి మంచు పట్టిన కట్టే తెచ్చాడు. సూదులు గుచ్చాను. పైన తడి, లోపల పొడి. ఆయన కట్ట విప్పి లోపలి నారను చెంపకు ఆనించుకున్నాడు. "సరిగ్గానే సెప్పినాది. ఒరే, ఆ యాపారిని ఇటు రమ్మనండ్రా" అన్నాడు. జనమంతా ఘొల్లున నవ్వారు. "ఈ పిల్లే సేసినాది" అని రూతమ్మ గారు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకొచ్చారు. నా తప్పు సంగతి ఎక్కడా ఎత్తలేదు. అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ ఊళ్ళో మాత్రం సూది గుచ్చకుండా ఇప్పటికీ బేరం మొదలవదు. ఈరోజు నా బల్ల మీద ఉన్నది ఆ మీటరు కొత్త రూపం. చిప్పును షట్‌డౌన్‌లో పెట్టి, తడి కట్టలో సూదులు గుచ్చి, నిద్రపోతున్న ఇన్‌పుట్ల మీద ప్రోబులు ఆనించి చూశాను. పక్కదాని మీద చెయ్యి వేయకుండా నిశ్చింతగా పడుకుని ఉంది. మూత బిగించేముందు దాని లోపలివైపు, ఎప్పటిలాగే, రూతమ్మ గారి పేరు రాశాను.