కీపర్‌కి నోరుండాలి

మొన్న ఆదివారం భూపాలపల్లిలో మా క్వార్టర్‌లో టీవీ మీద మ్యాచ్ నడుస్తుంటే, వికెట్లలో పెట్టిన మైకులోంచి కీపర్ తన ఊరి మాటలో బౌలర్‌ను ఎగదోస్తూ, ఫీల్డర్లను జరుపుతూ వాగుతూనే ఉన్నాడు; మా అమ్మాయి విసుక్కుని, "బాపూ, గీయనకు నోరు నొయ్యదా?" అన్నది. అదే అతని కొలువు బిడ్డా అని చెప్పి లేచి వాకిట్లోకి వచ్చేశాను.

ఒకప్పుడు నాదీ అదే కొలువు. జనగామలో నాకు కీపింగ్ నేర్పిన మా మేనమామ, బంతి ఎవడైనా పడతాడు, పదిమందిని మాటతో మేల్కొలిపి ఉంచేవాడే కీపర్ అనేవాడు. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు. మహబూబాబాద్‌లో ఒక బ్యాట్స్‌మన్ నా మాటలకు పడీపడీ నవ్వి తన వికెట్ల మీదే కూలబడ్డాడు. వేలెత్తాల్సిన అంపైరు కడుపు పట్టుకుని కూర్చోవడంతో ఆట అరగంట ఆగింది. నమ్మకపోతే ఆ బ్యాట్స్‌మన్‌నే అడగండి, గూడూరులో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. అయితే అతను గంట అంటాడు.

ఆ నోటితోనే హైదరాబాదులో ఒక కంపెనీ జట్టులో ఏడాది ఒప్పందం మీద చేరాను. నిలదొక్కుకుంటే ఉద్యోగం ఖాయం, మా ఇంట్లో నెలజీతం తెచ్చే మొదటివాణ్ణి నేనే అవుతాను. "జర ముంగట్కెయ్యన్నా" అని బౌలర్‌కు అరిచిన మొదటిరోజే, స్లిప్‌లో ఉన్నవాడు సినిమాల్లో మనల్ని వెక్కిరించే గొంతుతో ఆ మాటను తిరిగి పలికితే మైదానమంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వించడం నా అలవాటే కనుక, వాళ్లు నా చమత్కారానికి కాక నన్ను చూసే నవ్వుతున్నారని పోల్చుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇంతలో ఉద్యమం ముదిరి, బస్సులు ఆగిపోయి, "మీ రాష్ట్రం వచ్చాక మీ ఊళ్లో చేసుకుందువుగాని లేరా కీపింగ్" అనే ఎత్తిపొడుపులు మొదలయ్యాయి. వాళ్లలా మాట్లాడబోతే మాట నోట్లో తిరిగేలోగా బంతి వచ్చేసేది. చివరికి చప్పట్లతో సరిపెట్టుకున్నాను.

ఆ ఏటి ఆఖరి మ్యాచ్‌లో బంతి నిటారుగా లేచి బౌలర్‌కూ నాకూ నడుమ దిగుతున్నది. అలాంటప్పుడు నాదని అరవాల్సింది కీపరే. మాట గొంతుదాకా వచ్చింది, పక్కన స్లిప్‌వాడి మొహం కనపడింది, మింగేశాను. ఇద్దరం గుద్దుకున్నాం, బంతి నేల మీద, నా వేలు బౌలర్ బూటు కింద. "కీపర్‌కి నోరుండాలయ్యా" అన్నాడు మేనేజరు. ఒప్పందం అంతటితో సరి.

జనగామ దవాఖానలో నాకు కట్టు కట్టిస్తూ మామ, "నాదీ అని ఒక్కపారి ఒర్లితే అయిపోతుండెగదరా అల్లుడా! పుట్టినకాడికెల్లి మూయని నోరు గప్పుడే ఎట్ల మూసినవ్‌రా?" అన్నాడు. బంతి మబ్బుల్లోకి పోయి కనపడలేదని చెప్పాను. నా కోతలకు ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు నడిరోడ్డు మీద నన్ను కావలించుకుని, "ఇగ ఎవ్వడు నవ్వడురా, పోయి ఆడుకో" అని ఏడ్చాడు. అప్పటికి నాది ఏ జట్టూ తీసుకునే వయసు కాదు.

ఇప్పుడు సినిమాల్లో హీరోలే మన మాట మాట్లాడుతున్నారు, జనం ఈలలు వేస్తున్నారు. మాట అదే, వినేవాళ్లు మారారు. సాయంత్రాలు గ్రౌండు గట్టున కూర్చుని పిల్లలకు కోతలు కోస్తుంటాను. వాళ్లలో ఎవరైనా కీపింగ్‌కు రమ్మంటే వంకరవేలు చూపించి తప్పుకుంటాను. వేలితో ఎలాగో సర్దుకోవచ్చు. ఆ మూడు కర్రల వెనక నిలబడితే మాత్రం నాకు ఇప్పటికీ మాట రాదు.