చిన్నమ్మ ఇంటి దూలం

మట్టెవాడలో మా మూడిళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉండేవి. ముందు దుకాణం, వెనక అర్ర, ఆ వెనక మేం భవంతి అని పిలిచే, ఆకాశం కనిపించే నడిమి వాకిలి, చివర వంటిల్లు. మూడింటికీ అదే వరస, అదే ఎత్తు గడప, మూడింటి మీదా ఒకటే పెంకుల కప్పు. మా తాత కట్టినప్పుడు అది నిజంగానే ఒక్క ఇల్లు. కొడుకులు ముగ్గురూ వేరుపడ్డాక మధ్యలో గోడలు లేచాయి. కుడి చివరిది మాది, మధ్యది చిన్నమ్మది. చిన్నాయన పోయాక ఆమె ముందు దుకాణంలో పసుపు కుంకుమలు అమ్ముకుంటూ ఒక్కతే ఉండేది.

ఎనభైల మొదట్లో బజారంతా ఇనుప షట్టర్ల మోజు. నాకూ పట్టుకుంది. షట్టర్ పెట్టాలంటే మా దుకాణం ముందున్న పాత టేకు దూలం తీయాలి. దాన్ని అమ్మితే షట్టర్ ఊరికే వచ్చినట్టేనని సంబరపడి కట్టె వ్యాపారిని పిలిచాను. మిర్చి బస్తాల దగ్గర చేసినట్టే, ధర పైకి అనకుండా తువాలు కింద వేళ్లు పట్టి చెప్పుకుంటూ బేరమాడుకున్నాం. ఆయన రెండుసార్లు లేచి వెళ్లిపోయి, మూడోసారి నా మాటకే ఒప్పుకున్నాడు. బజారులో నా అంత బేరగాడు లేడని ఆ పూట ఇంట్లో అందరి ముందూ విర్రవీగాను.

మర్నాడు పొద్దున మేస్త్రిని పిలిచి, దూలాన్ని మోసే మా వైపు స్తంభానికీ చిన్నమ్మ ఇంటి గోడకూ మధ్య రంపం పెట్టించాను. దూలం మూడో వంతు తెగిందో లేదో పక్కనుంచి కేక వినిపించింది. నెత్తి నిండా పాత సున్నంతో చిన్నమ్మ వీధిలోకి వచ్చింది.

"ఏం చేస్తాండ్రురా? నా పసుపు పళ్లెం నిండ మన్ను పడ్డది!"

"ఏం లేదు చిన్నమ్మా, నా దూలం కోయిస్తాన్న."

"నీ దూలమైతె నా పెంకలెందుకు ఊగుతానయ్?"

మేస్త్రి ఆమె దుకాణంలో నిచ్చెన వేసి ఎక్కి, చూసి దిగాడు. "సేటూ, రెండిండ్లకు ఒక్కటే మొద్దు. గోడ దాన్ని మోస్తలేదు, సందుల మన్ను కూరిండ్రంతే. మోసే స్తంభం నీ దిక్కున్నది. ఇంకింత కోస్తె ఆమె కప్పు కూలుతది."

పంపకాలప్పుడు పెద్దలు తాడు పట్టి నేల కొలిచారు. బావి ఎవరి వైపు రావాలని పూటంతా కొట్లాడుకున్నారు. నెత్తి మీది కట్టె ఎవరిదని ఒక్కరూ అడగలేదు. ఇంత తెలివిగలవాణ్ని, నేనూ అడగలేదు. చిన్నమ్మ కప్పుకు నేను ధర కట్టి అమ్మేశాను.

దూలం తీసుకుపోదామని వచ్చిన కట్టె వ్యాపారి బండి వెనక్కి తిప్పుకుంటూ నవ్వాడు. "వేళ్లు మంచిగనే పట్టినవు సేటూ, జర మీదికి గూడ చూడకపోతివి!"

మేస్త్రి గాటుకు ఇనుప పట్టీ బిగించి, రెండు వైపులా లావు కర్రలు ఊతగా నిలిపాడు. "పెంకలు నానితె బరువైతయ్. వానల సంగతి నేను చెప్పలేను" అన్నాడు. వానలు ఎంతో దూరంలో లేవు. అంత పొడుగు కొత్త దూలం దొరకాలంటే వెతకాలి.

సాయంత్రం చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. "కొత్త దూలం ఏయించేదాక మా ఇంట్ల ఉండు చిన్నమ్మా."

ఆమె పసుపు జల్లిస్తూ తల ఎత్తకుండానే అంది: "నేనొస్తె నా ఇల్లు ఖాళీ పడ్తది. ఖాళీ ఇల్లు కండ్ల వడితె ఊకుంటవా బిడ్డా? దాన్ని గూడ బేరం పెడ్తవు."

"గట్లెందుకంటవు?" అన్నాను. కానీ నేను ఆమె గడప ఎక్కుతున్నప్పుడే, మధ్య గోడ తీసేస్తే ఎంత వెడల్పు షట్టర్ పడుతుందో నా కళ్లు కొలిచేశాయి.

ఆమె కదలలేదు. ఆ ఊతకర్రల పక్కనే పీట వేసుకుని అమ్మకం సాగించింది. దూలం దొరకకముందే వాన దిగింది. ఆ మధ్యాహ్నం గిరాకీలు అడిగిన ధరకే సరుకు ఇచ్చి పంపిస్తూ, అవతల దూలం కిర్రుమంటుందేమోనని మధ్య గోడకు చెవి ఆనించి కూర్చున్నాను.