తీతువుకు ఆ పేరు పెట్టిందెవరు

నా చిన్నప్పుడు, ఎనిమిదో ఏట, ఒక పిట్టను చంపాలని రాళ్లు ఏరుకుని బయలుదేరాను.

మాది సబ్బవరం పక్కన పల్లె. అమ్మను కాన్పుకోసం విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. కాన్పు కష్టంగా ఉందని కబురొచ్చింది. నాన్న, నాయనమ్మ అక్కడే ఉండిపోయారు. ఇంట్లో నేనూ, మా తాతయ్యా మిగిలాం. రెండు రోజులుగా మా మెట్టచేను మీద ఒక తీతువు తిరుగుతూ అరుస్తోంది. పక్కింటి పెద్దమ్మ అది విని, "తీతువు అరిసిందంటే ఎవులో పోతారు" అంది. ఎవరని నేను అడగలేదు. అడగడానికి భయమేసింది.

మొదటి రాయి తగల్లేదు. పిట్ట నా తలమీదికే ఎగిరొచ్చి మరీ గట్టిగా అరిచింది. రెండో రాయి ఎత్తేసరికి వెనకనుంచి తాతయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఏడుస్తూ పెద్దమ్మ అన్న మాట చెప్పాను. తాతయ్య కోప్పడలేదు. నన్ను గట్టుమీద కూర్చోబెట్టాడు.

"దానికి ఆ పేరు ఎవులు ఎట్టారో తెలుసా గుంటా? ఇను."

విన్నాను. తీ... తీ... తీతువ్. అది అరిచే అరుపే దాని పేరు.

"సూసావా? దాని పేరు అదే సెప్పుకుంటంది. అందులో సావెక్కడుందే? అది మనం కలిపిందే."

తర్వాత ఇద్దరం చేలోకి నాలుగడుగులు వేశాం. అరుపు పెరిగింది. వెనక్కి వచ్చాం. తగ్గింది. మళ్లీ వెళ్లాక తాతయ్య వంగి వేలితో చూపించాడు. నా పాదానికి జానెడు దూరంలో, గులకరాళ్ల మధ్య, మట్టిరంగు గుడ్లు నాలుగు. గూడు లేదు, పుల్ల లేదు. ఇంకొక్క అడుగు వేసుంటే తొక్కేసేదాన్ని.

"అక్కడ మీయమ్మ కూడా అరుత్తుంటాది. బిడ్డకోసం అరిసే అరుపు అపశకునమేటి?" అన్నాడు తాతయ్య. అంటూనే ఊళ్లోకొచ్చే దారివైపు మళ్లీ మళ్లీ చూశాడు. ఆయనకూ భయంగానే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు చెల్లి పుట్టింది. అమ్మ కోలుకుని ఇంటికి రావడానికి నెల పట్టింది. గుడ్లున్న ఆ ముక్కను తాతయ్య దున్నకుండా వదిలేశాడు. అమ్మ వచ్చేనాటికి అక్కడ తీతువు పిల్లలు పరుగులు తీస్తున్నాయి.

ఇప్పుడు ఆ మెట్టల్లో కాలనీలు లేచాయి. నేనుండేది సీతమ్మధారలో, చెల్లి ఇల్లు మాత్రం అటువైపే. చెల్లిని చూడ్డానికి వెళ్లినప్పుడు ఖాళీ స్థలాల్లో తీతువులు ఇంకా అరుస్తుంటాయి. పక్కనున్నవాళ్లు ఆకాశంలోకి చూస్తారు. నేను ఆగిపోయి, నా కాళ్లముందు నేల చూసుకుంటాను.