వంతెన తోకమీద కూర్చున్నవారు

ఎనభయ్యవ దశకం నడుమ, ఒక కార్తిక మాసారంభంలో, నేను మిర్యాలగూడ రోడ్ల ఉపవిభాగానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా బదిలీపై వచ్చాను. మా స్వగ్రామం కోదాడకు సమీపమే కనుక సొంత సీమకు చేరుకున్నట్లయింది. అయితే బాధ్యతలు స్వీకరించిన కొద్ది దినాలకే తుపాను వానలు పట్టుకొని, గరిడేపల్లి దిక్కున సాగర్ ఎడమ కాలువ నుండి చీలిన ఒక పెద్ద పాయ మీది వంతెన దిమ్మె కుంగి, మీది స్లాబు కూలిపోయింది. కాలువ అవతలి ఊరికి లారీ పోగల దారి అదొక్కటే. కోతలు ముగిసి వడ్లు కల్లాల్లో కుప్పలుగా ఉన్నాయి. మరొక వాన పడితే ఆ కుప్పల్లోనే మొలకెత్తుతాయి.

కొత్త వంతెనకు నెలలు పడుతుంది. అంతవరకు తాత్కాలికంగా ఉక్కు ప్యానెల్ వంతెన నిలబెట్టమని పైఅధికారులు ఆదేశించారు. అటువంటి వంతెన సామగ్రి ఒకటి శాఖవారి గిడ్డంగిలో ఏళ్ల తరబడి పడి ఉంది. దానిని కట్టిన అనుభవం కలవాడు ఆ చుట్టుపక్కల నేనొక్కడనే. డెబ్బై ఒకటి యుద్ధంలో నేను సైన్యపు ఇంజినీర్ల విభాగంలో లెఫ్టినెంటుగా పశ్చిమ సరిహద్దున పనిచేశాను. స్వల్పకాలిక సేవ ముగిసిన పిదప రాష్ట్ర ప్రభుత్వపు కొలువులో చేరాను.

ఈ వంతెన పద్ధతిని చదువరులకు కొంత వివరించాలి. ఉక్కు చట్రాలను ఒకదాని వెంట ఒకటి పిన్నులతో కూర్చి, వంతెననంతా ఇవతలి గట్టు మీదనే అల్లుతాము. దాని కింద రోలర్లు ఉంటాయి. వెనుకనుండి మనుషులు నెడుతూ ఉంటే అది గాలిలో సాగి అవతలి గట్టును అందుకుంటుంది. నీటిలో దిగే పని లేదు. ముందు సాగే కొనను ముక్కు అనీ, వెనుక నిలిచే కొనను తోక అనీ వ్యవహరిస్తాము. ముక్కు సాగినకొద్దీ తోకవైపు బరువు ఎక్కువగా ఉండి తీరాలి. లేకుంటే వంతెన తక్కెడవలె ఒరిగి ముక్కు నీటిలో దిగబడుతుంది. సామగ్రి సమృద్ధిగా ఉంటే తోకకు చట్రాలు చేర్చి ఆ బరువు సమకూర్చుతాము. కొరవడినప్పుడు మనుషులను కూర్చోబెడతాము. ఇసుక బస్తాలైతే చట్రం కలిపిన ప్రతిసారీ విప్పి మోయవలసి వస్తుంది. మనిషి తనంతట తాను లేచి వెనుకకు జరుగుతాడు.

యుద్ధంలో మాకు ఆ కొరత ఎదురైంది. చట్రాలతో వస్తున్న లారీ ఒకటి ఫిరంగి దెబ్బకు దారిలోనే కాలిపోయింది. కాలువ దాటవలసిన ట్యాంకులు మా వెనుక వరుస కట్టి ఉన్నాయి. మా సుబేదారు జవాన్లను తోకమీద కూర్చోబెట్టి వంతెన నెట్టిస్తున్నాడు. అప్పుడు బ్రిగేడియర్ జీపులో వచ్చాడు. మా అందరికీ ఆయన ఎంతో పై మెట్టు అధికారి. తోకమీది జవాన్లలో ఒక్కడూ లేవలేదు, సెల్యూట్ చేయలేదు. ఒకడు వేయించిన సెనగలు నములుతున్నాడు, నములుతూనే ఉన్నాడు. పనిలో ఉన్న దళం సెల్యూట్ చేయనక్కర లేదనీ, దానిని నడిపేవాడు ఒక్కడు చేస్తే చాలుననీ సైనిక నియమావళిలో ఉంది. వంతెన దగ్గర వంతెన నడిపేవాని మాటే చెల్లుతుందన్నది మా విభాగపు కట్టుబాటు. బ్రిగేడియర్ సుబేదారుతో, తాను ఎక్కడ నిలబడాలో చెప్పమన్నాడు. సుబేదారు చేయి చాచి ఒక మిట్ట చూపించాడు. ముక్కు అవతలి గట్టు చేరేవరకు ఆయన ఆ మిట్ట మీదనే నిలబడ్డాడు.

గరిడేపల్లి దగ్గర నాకు జవాన్లు లేరు. ఒక్కొక్క చట్రం ఎత్తడానికి ఆరుగురు బలవంతులు కావాలి. మిర్యాలగూడ ప్రాంతంలో బరువు మోయడమే వృత్తిగా గలవారు రైసుమిల్లుల హమాలీలు. అక్కడి మిల్లు యజమాని ఒకాయన, అందరూ పటేలు అని పిలిచే పెద్ద రైతు, తన మిల్లులో పనిచేసే హమాలీల ముఠాను మాకు పంపించాడు. ఆయన వడ్లు కూడా కాలువ అవతలి కల్లాల్లో ఉన్నాయి. ముఠా మేస్త్రీ పేరు సైదులు. నెరిసిన మీసం, నెత్తికి ఎర్ర రుమాలు, తక్కువ మాట.

ఒంటరిగా బస్తా ఎత్తి పరుగెత్తే అలవాటున్న వారికి ఆరుగురు కలిసి ఒక్క అడుగు వేయడం వింతగా తోచింది. "ఊరేగింపు లెక్క నడిపిస్తున్నవ్ సారు, బ్యాండొక్కటే తక్కువ" అన్నాడు వెంకన్న. ముఠాలో అందరికంటె లావైనవాడు అతడు. రెండు పూటల్లో పని పట్టుబడింది. గిడ్డంగి సామగ్రిలో తోకకు చేర్చడానికి సరిపడా చట్రాలు లేవు కనుక, ఇక తోకమీద కూర్చోవాలని చెప్పినప్పుడు నవ్వులు పుట్టాయి.

"కూసున్నందుకు గూడ కూలిస్తరా సారు? మా ఇంటిది నమ్మదు" అన్నాడు వెంకన్న.

"నీకు పండుకున్నందుకు గూడ ఇయ్యాలె. బరువు దప్ప నీ దగ్గర ఇంకేమున్నదిరా" అన్నాడు సైదులు.

వంతెన సగానికి పైగా సాగింది. నేను రోలర్ల దగ్గర వంగి వాలు చూస్తున్నాను. అప్పుడు పటేలు జీపు వచ్చి గట్టు మీద ఆగింది. ఆయన దిగి, "ఏం సైదులు, ఎందాకొచ్చింది?" అని మాత్రమే అడిగాడు. తోకమీద ఉన్నవారు చకచకా కిందికి దిగి, రుమాళ్లు తీసి చేతపట్టుకొని నిలబడ్డారు. ఎవ్వరూ దిగమనలేదు. పటేలు నిలబడి ఉండగా తాము మీద కూర్చోవడం వారి ఎరుకలో లేని సంగతి. తాతల నాటి నుండి అటువంటిది జరగలేదు. కునుకు తీస్తున్న వెంకన్న ఒక్కడే మిగిలాడు. తోక పైకి లేచింది. ముక్కు కాలువలోకి ఒరిగి, కాలువలోని రాళ్లకు తట్టుకొని ఆగింది. తోకమీది నుండి ఎగిరిపడిన వెంకన్నకు భుజపుటెముక విరిగింది. పటేలే అతనిని తన జీపులో మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాడు.

ముక్కును వెనుకకు లాగి, వంగిన చట్రాలు మార్చడానికి మరునాటి సాయంకాలమయింది. పని ముగిశాక ముఠాను కూర్చోబెట్టి బ్రిగేడియర్ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. రేపు ఎవరు వచ్చినా లేవరాదన్నాను.

"మేం ఇంటం సారు. మా కాళ్లు ఇనాలె గద" అన్నాడు సైదులు.

అతని సంకటం నాకు తెలుసు. ముఠాకు పని పిలుపు పటేలు నోటినుండి రావాలి. పిలుపు రాకపోతే అన్ని ఇళ్ల పొయ్యిలకూ కష్టమే. కనుక ఆ సాయంత్రమే మిల్లుకు పోయి, రేపు కాలువ దగ్గరికి రావద్దని పటేలును కోరాను.

"నేను లెమ్మన్ననా ఇంజినీరు సాబ్?" అన్నాడాయన నొచ్చుకొని. అనలేదన్నాను. "అయితే రాను తియ్యి. జర జల్దీ కానియ్యండ్రి, మొగులు జూస్తే పరేషానైతుంది" అన్నాడు మబ్బుల వైపు చూస్తూ.

మరునాడు ముక్కు అవతలి రోలర్లను తాకే ఘట్టంలో దానిని సరిచూడడానికి నేను పుట్టి అనే బుట్టపడవలో కాలువ దాటి అటువైపు నిలిచాను. అధికారి అక్కడ ఉండాలన్నది నియమం. ఇవతలి గట్టు సైదులు చేతిలో ఉంది. అతడు నేలమీద నిలబడి నెట్టేవారికి మాట అందిస్తున్నాడు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. ఆ నలుపు చూసి మిల్లులో ఉండలేకపోయాడు కాబోలు, పటేలు జీపు మళ్లీ వచ్చింది. నా ముందు మూరెడు దూరంలో ముక్కు గాలిలో ఊగుతూ ఉంది. నేను కేకవేసినా ప్రయోజనం లేదు. రెండు గొంతులు వినిపిస్తే నెట్టేవారు తడబడతారు.

పటేలు దిగాడు. తోకమీద ఒకడు మోకాళ్లమీదికి లేవడం నాకు కనిపించింది. పక్కవాని చేయి రుమాలు మీదికి పోయింది.

సైదులు చేసిన పని ఇది. నెట్టేవారిని ఆగమని చేయెత్తాడు. తాను నడిచిపోయి తోకమీదికి ఎక్కి, చివరి చట్రం మీద, పటేలుకు ఎదురుగా, కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. రుమాలు తీయలేదు. "కూసోండ్రి" అన్నాడు తనవారితో. లేచినవాడు కూర్చున్నాడు.

కాలువ నీటి మీదుగా అతని మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి. "పటేలా, ఇయ్యాల లేవం. లేస్తే మీ వడ్లు ఆడనే మొలుస్తయ్. మీరు గా తుమ్మచెట్టు కాడ నిలవడుండ్రి."

పటేలు తుమ్మచెట్టు దగ్గరికి పోలేదు. జీపెక్కి వెళ్లిపోయాడు. సైదులు కూర్చున్నచోటి నుండే నెట్టమని మాట అందించాడు. ముక్కు రోలర్ల మీద వాలింది. పలకలు పరచి, బరువు పరీక్ష ముగించి లారీలను వదిలాము. వాన రాకముందే కల్లాలు ఖాళీ అయ్యాయి. మొదట దాటినవి పటేలు వడ్లే.

యాసంగి, అంటే రబీ, పంట మిల్లులకు వచ్చిన కాలంలో, సూర్యాపేట మార్కెట్ యార్డు మీదుగా పోతూ సైదులును చూశాను. ముఠా అంతా అక్కడ ఉంది. భుజం కుదుటబడిన వెంకన్న కూడా బస్తాలెత్తుతున్నాడు. ఇక్కడున్నారేమని అడిగాను.

"మిల్లుకు వేరే ముఠా వచ్చింది సారు."

పటేలు ఏమైనా అన్నాడా అని అడిగాను.

"ఒక్క మాటనలే. దవాఖాన ఖర్సు గూడ ఆయనే వెట్టిండు" అని, రుమాలుతో మెడ తుడుచుకొని, "సారు, మిలిట్రీల గట్ల కూసున్నోళ్లను ఆ పెద్ద సారు తర్వాత గూడ ఏమన్లేదా?" అని అడిగాడు.

అనలేదనీ, అనడానికి వీలులేదనీ, అది నియమావళిలో ఉన్నదనీ చెప్పాను.

"గా బుక్కు మా పటేలు సదువలే సారు" అన్నాడు. తరువాత బస్తా మోయడానికి ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

తరువాతి ఉద్యోగకాలంలో మునగాల దగ్గరా, మరికొన్ని చోట్లా ఇటువంటి వంతెనలు కట్టించాను. ప్రతి చోటా దారికి అడ్డంగా, పని జరిగే స్థలానికి చాలా ఎడంగా ఒక తాడు కట్టించి, శాఖకు చెందిన ఉద్యోగిని దాని దగ్గర నిలిపాను. నేను ఏ గట్టున ఉన్నా అతడు అక్కడి నుండి కదలరాదు. కొందరు కింది ఇంజినీర్లు ఇది మనిషిని వృథా చేయడమని భావించారు. ఆ తాడు దగ్గరికి ఎవరూ రాని రోజులే ఎక్కువ. నేను మార్చలేదు. యుద్ధంలో బ్రిగేడియర్‌ను మిట్ట మీద నిలబెట్టిన సుబేదారు వెనుక ప్రభుత్వం ఉంది. వంతెన దగ్గరికి రావద్దని చెప్పవలసివస్తే ఆ మాట నెల జీతం గలవాడు చెప్పాలి. రోజుకూలివాని చేత చెప్పించరాదు.